పొయ్యి ముందు పాడని దోరాయ్

లిపా బజారుకు పోయే రోడ్డు మలుపులో, జీపును పొడుగు చేసినట్టుండే జీప్నీ బళ్ళు ఆగే చోట, రేకుల కప్పు కింద దోరాయ్ కాఫీ బల్ల ఉండేది. ఆ బల్ల మీద కూర్చోనివాడు మా పేటలో మనిషి కింద లెక్కే కాదు. పొద్దున్నే పొలానికి పోయేవాడూ, బజారుకు కోళ్ళు తీసుకెళ్ళేవాడూ, మొగుడితో పోట్లాడి పుట్టింటికి బయల్దేరిన ఆడదీ, ఎవరైనా సరే ముందక్కడ ఆగి ఓ కప్పు తాగాల్సిందే. మొగుడితో పోట్లాడి వచ్చిన వాళ్ళలో చాలామంది ఆ కప్పు పూర్తయ్యాక జీప్నీ ఎక్కకుండా ఇంటికే తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ కాఫీలో ఏముందో మీరే ఊహించుకోండి.

ఆమె అసలు పేరు తియోదోరా. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేక చిన్నప్పుడే దోరాయ్ అయింది. యాభై దాటాక ఊళ్ళోవాళ్ళు మర్యాదకు పేరు ముందొక 'కా' తగిలించారు. అంతకు మించి ఆమె జీవితంలో ఎవరూ ఏదీ తగిలించలేదు. పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఇంటి వెనక అరచేయంత ఆకులున్న బరాకో రకం కాఫీ చెట్లు, వాళ్ళమ్మ నాటి కెటిలూ, ఇద్దరు మనుషులు పట్టి దించాల్సిన ఇనప మూకుడూ, తమ్ముడి కూతురు సెలింగ్. సెలింగ్ పని బాగానే చేసేది గానీ దాని నోట్లో నువ్వు గింజ నానదు.

దోరాయ్ కాఫీ గింజలు వేయిస్తుంటే పక్కన ఎవరూ మాట్లాడకూడదు. రోజూ మధ్యాహ్నం పెరట్లో మూకుడు పొయ్యి మీదికెక్కేది. చెక్క తెడ్డు ఆపకుండా తిప్పుతూ, గింజ రంగు మారే క్షణం కోసం కళ్ళార్పకుండా చూసేది. ఒక్క గింజ మాడినా వేళ్ళతో తీసి అవతల పారేసేది. “మాడిన కాఫీ, మాట పడని కోడలు, ఈ రెండూ ఏ ఇంట్లోనూ ఇమడవు” అని ఆమె సొంత సామెత ఒకటుండేది. కోడలంటూ లేని మనిషికి ఆ సంగతి ఎలా తెలుసని ఎవరూ అడగలేదు. వేయించినవి రోట్లో దంచి, బెల్లం ముక్కతో మరిగించి, పిండి సంచి గుడ్డలో వడగడితే ఆ వాసనకు బడికి పోయే పిల్లలు కూడా దారి తప్పేవాళ్ళు. ఒకసారి పట్నం నుంచి వచ్చిన ఒకావిడ పాలు కలపమంది.

“పాలు దూడ తాగేసిందమ్మా” అంది దోరాయ్. ఆ ఇంట్లో దూడా లేదు, ఆవూ లేదు.

ఇంకో పట్టింపు కూడా ఉండేది. కెటిల్ దించగానే మొదటి కప్పు ఎవరికీ పోసేది కాదు. దాన్ని పక్కన చిన్న పీట మీద పెట్టుకుని, ఆ తర్వాతే మిగతావాళ్ళ కప్పులు అందుకునేది. కొత్తవాడెవడైనా దానివైపు చెయ్యి చాపితే మణికట్టు మీద గరిటె పడేది.

“మొదటి కప్పు ఇంటి మగాడిదిరా. మా అమ్మ అట్లాగే పోసేది.”

“మరి ఈ ఇంట్లో మగాడేడీ అత్తా?” అని జీప్నీ డ్రైవర్ బాడోంగ్ రోజూ అడిగేవాడు.

“నేనేరా! కనపట్టం లేదూ?” అని ఆమె రోజూ అనేది. రోజూ అందరూ నవ్వేవాళ్ళు.

ఆమెకు పెళ్ళి కాలేదంటే ఎవరూ అడగలేదని కాదు. వయసులో ఉన్నప్పుడు ఆ ఇంటికి కట్టెలు కొట్టి, నీళ్ళు మోసి, వాళ్ళమ్మ మెప్పు కోసం నడుములు విరగ్గొట్టుకున్న కుర్రాళ్ళున్నారు. ఒకడు మంచివాడే గానీ, కాఫీ తాగితే నిద్ర పట్టదని నోరు జారాడు. వాళ్ళమ్మ వాడి చేత ఇంకో రెండు మోపులు కట్టెలు కొట్టించుకుని మరీ పంపేసింది. తర్వాత తండ్రి పోయాడు. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చిన్నవాళ్ళు. వాళ్ళను ఓ దారికి తెచ్చి, పెళ్ళిళ్ళు చేసి, వెనక్కి తిరిగి చూసుకునేసరికి మేనకోడళ్ళు పెళ్ళికి ఎదిగి ఉన్నారు. దోరాయ్ దానికి ఏడ్చిందీ లేదు, ఎవర్నీ తిట్టిందీ లేదు. సాయంత్రం బల్ల కడిగేసి, కాళ్ళు చాపుకుని, మిగిలిన కాఫీ తాగుతూ రోడ్డు చూడటం ఆమెకు నిజంగానే హాయిగా ఉండేది.

ఆమె గొంతు గురించి చెప్పాలి. అంత మంచి గొంతు ఆ చుట్టుపక్కల లేదు. శ్రమల వారంలో పేటలోని చిన్న గుడి దగ్గర పందిరి వేసి క్రీస్తు శ్రమల గాథ రాగం తీసి పాడతారు. రేయింబవళ్ళు ఆగకూడదు కాబట్టి ఒకరి తర్వాత ఒకరు అందుకుంటారు. పాడేవాళ్ళ గొంతులు ఎండిపోకుండా కాఫీ ఇస్తూనే ఉండాలి. ఆ కాఫీ కాచేదీ దోరాయే, అందరి గొంతులూ పోయాక పాటను చివరిదాకా మోసేదీ దోరాయే. మే నెలలో పూల ఊరేగింపు ముందు నడిచేది కూడా ఆమె గొంతే.

కానీ పొయ్యి ముందు మాత్రం పెదవి విప్పేది కాదు, కూనిరాగమైనా తీసేది కాదు. పెళ్ళికాని ఆడది పొయ్యి ముందు పాడితే, పెళ్ళాం పోయిన ముసలాడు మొగుడవుతాడని అక్కడ ప్రతి తల్లీ కూతురికి చెప్పే మాట. ఎవరికి ఎంత నమ్మకమో గానీ, పొయ్యి ముందు పాడే పిల్ల నెత్తిన మొట్టికాయ వేయని తల్లి లేదు.

దోరాయ్ మొదటి మొట్టికాయ యుద్ధం రోజుల్లో తింది. అప్పుడు గింజలు దొరక్క బియ్యాన్ని నల్లగా వేయించి కాఫీ అనుకుని తాగేవాళ్ళు. ఆ బియ్యం చిటపటలకు తాళం వేస్తూ ఏదో పాడబోయింది. నెత్తిన గరిటె పడింది.

“పాడకే పిల్లా! నేను పాడబట్టే మీ నాన్న దొరికాడు” అంది తల్లి.

అది నిజమే. దోరాయ్ తండ్రి రెండో పెళ్ళివాడు, భార్యకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. ఆ మాట వినబడి గడపలో కూర్చున్న ఆయన పళ్ళులేని నోటితో నవ్వాడు. ఆయన పొద్దున్నే అన్నం మధ్యలో వేలితో గుంట చేసి, అందులో కాఫీ పోసుకుని, పైన ఎండుచేప ముక్క పెట్టుకుని తినేవాడు. ఆ గుంటలో మొదటి ముద్ద ఎప్పుడూ దోరాయ్‌దే.

అలా నోరు మూసుకుని పొయ్యి ముందు యాభై ఏళ్ళు గడిపేసిన మనిషి జీవితంలోకి, ఓ వానాకాలం కెటిల్ కారడం వల్ల కా మెర్తో వచ్చాడు.

మెర్తో బిందెలకూ బకెట్లకూ మాట్లు వేసే మనిషి. తాల్ సరస్సు ఒడ్డు నుంచి వచ్చి పాత బియ్యం మిల్లు వెనక గది అద్దెకు తీసుకుని కొలిమి పెట్టుకున్నాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కతే కూతురు, పెళ్ళయి సముద్రం దాటి మిండోరో దీవిలో ఉంది. ఆయనకు మాటలు తక్కువ, మాట్లు ఎక్కువ. దోరాయ్ కెటిల్ తీసుకెళ్తే అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది మీ అమ్మగారిదా?” అన్నాడు.

“మీకెలా తెలుసు?”

“ఇంతగా వాడి కూడా పారేయలేదంటే అమ్మదే అయ్యుంటుంది.”

మర్నాడు కెటిల్ తనే తెచ్చి ఇచ్చాడు. డబ్బు ఇవ్వబోతే ఓ కప్పు కాఫీ చాలన్నాడు. బల్ల మీద కూర్చుని అన్నం కూడా అడిగాడు. అన్నం మధ్యలో వేలితో గుంట చేసి, కాఫీ పోసి, పైన ఎండుచేప ముక్క పెట్టుకున్నాడు. మా దగ్గర అన్నంలో కాఫీ పోసుకోనివాడు లేడు గానీ అందరూ ఎలా పడితే అలా పోసుకుంటారు. గుంట చేసి పోసుకునే మనిషిని దోరాయ్ తండ్రి తర్వాత మళ్ళీ అప్పుడే చూసింది. చూసి, ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళి, ఏ పనీ చేయకుండా తిరిగి వచ్చింది.

ఆ తర్వాత ఆయన రోజూ వచ్చేవాడు. వస్తూ వస్తూ కట్టెలు ఓ మోపు చీల్చి పెట్టేవాడు. బావి నుంచి రెండు బకెట్ల నీళ్ళు తెచ్చి తొట్టిలో పోసేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. ఊళ్ళోవాళ్ళకు కళ్ళుంటాయి కదా! పిల్లనడగడానికి కుర్రాళ్ళు చేసే చాకిరీ ఇదని అందరికీ తెలుసు. కాకపోతే ఈ కుర్రాడికి జుట్టు నెరిసింది, ఆ పిల్లకు కళ్ళద్దాలున్నాయి.

“కా మెర్తో, ఈ వయసులో నడుం పట్టేస్తే కాఫీతో పోదయ్యో” అని బాడోంగ్ అరిచేవాడు.

“కట్టెలు తడిసిపోతాయని కొడుతున్నా” అనేవాడు మెర్తో. ఎండ మండిపోతున్న రోజున కూడా అదే మాట.

ఓ పొద్దున బల్ల నిండా మనుషులున్నారు. దోరాయ్ కూడా పళ్ళెం పెట్టుకుని తింటోంది. మెర్తో సగం అన్నం తిన్నాడో లేదో, ఎవరో కారే బకెట్ పట్టుకుని వచ్చి మిల్లు దగ్గర ఎదురు చూస్తున్నారని కబురొచ్చింది. ఆయన లేచాడు. భోజనం మధ్యలో ఒకరు లేచి వెళ్తే, ఉన్నవాళ్ళు తమ పళ్ళేలు ఓసారి గుండ్రంగా తిప్పాలి. అలా తిప్పితే వెళ్ళేవాడు క్షేమంగా చేరతాడు. అందరూ అలవాటుగా తలో చుట్టు తిప్పారు. దోరాయ్ మాత్రం తిప్పి, ఎందుకైనా మంచిదని మళ్ళీ తిప్పింది.

“అత్తా, ఆయన మిల్లు దాకా వెళ్తున్నాడు. మిండోరో కాదు” అంది సెలింగ్.

“నోర్ముయ్యవే. రోడ్డు మీద జీప్నీలు తిరగడం లేదూ?”

బాడోంగ్ తన జీప్నీ మీద పడ్డ ఆ నిందకు చాలా నొచ్చుకున్నట్టు నటించాడు.

శ్రమల వారం వచ్చింది. గుడి పందిట్లో అందరి గొంతులూ బొంగురుపోయాక దోరాయ్ అందుకుంది. మెర్తో పందిరి స్తంభానికి ఆనుకుని, చేతిలో కప్పు చల్లారిపోతున్నా తాగడం మర్చిపోయి విన్నాడు. ఈస్టరు అయ్యాక బల్ల దగ్గరకు వచ్చి, చాలాసేపు కాఫీలోకి చూసి, ఆ నెలకు సరిపడా మాటలన్నీ ఒకేసారి అన్నాడు.

“కా దోరాయ్, అంత గొంతు పెట్టుకుని ఇక్కడెప్పుడూ పాడరేం? రోజూ పొద్దున్నే వస్తున్నా. ఒక్క ముక్కైనా వినపడలేదు.”

దోరాయ్ జవాబు వెతుక్కునే లోపే సెలింగ్ అందుకుంది.

“ఎట్లా పాడుద్ది? పెళ్ళికాని ఆడది పొయ్యి ముందు పాడితే పెళ్ళాం పోయిన ముసలాడు దొరుకుతాడు కదా! మా అత్తకి వాళ్ళంటే చచ్చే భయం.”

బల్ల అంతా గొల్లుమంది. తర్వాత ఒక్కొక్కరుగా మెర్తో వంక చూసి, నవ్వు మింగి, కప్పుల్లోకి తలలు దించుకున్నారు. మెర్తో చెవులు కాల్చిన ఇనుములా ఎర్రబడ్డాయి. దోరాయ్ సెలింగ్ వీపు మీద ఒక్కటి వేసింది. అది సెలింగ్‌కు తగిలింది గానీ అన్న మాట వెనక్కి రాలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మధ్యాహ్నానికల్లా బజారులో చేపలమ్మేవాళ్ళకు కూడా ఆ సంగతి తెలిసిపోయింది.

ఆ తర్వాత కట్టెల మోపులు ఆగలేదు గానీ మెర్తో పొయ్యి వంక చూడటం మానేశాడు. కాఫీ తాగుతున్నంతసేపూ రోడ్డు చూసేవాడు. ఇక్కడ తను ఎవరికో భయం పుట్టిస్తున్నాడని ఆయనకు అనిపించినట్టుంది. మొహమాటస్తుడికి ఒక్క మాట చాలు, ఎంత దూరమైనా పారిపోతాడు.

కొన్నాళ్ళకు ఆయనే చెప్పాడు. కూతురు కబురు పంపిందట. అక్కడ రేవులో పని దొరుకుతుందట, మనవలు తాతను చూడలేదట. శనివారం బాడోంగ్ జీప్నీలో బతాంగస్ రేవుకు వెళ్ళి పడవెక్కుతానన్నాడు.

“మళ్ళీ ఎప్పుడొస్తారు?” అంది సెలింగ్.

“ఇక్కడ నాకోసం ఎవరున్నారు రావడానికి?” అన్నాడాయన. సెలింగ్‌కే చెప్పాడు గానీ చూసింది మాత్రం కెటిల్ వైపు. “ఆ కెటిల్ అడుగు పల్చబడింది. మళ్ళీ కారితే ఎవరు మాటు వేస్తారో.”

అది అడిగినట్టే లెక్క. దోరాయ్‌కు తెలుసు, సెలింగ్‌కు తెలుసు, బల్ల మీద కూర్చున్న కోళ్ళ వ్యాపారికి కూడా తెలుసు.  దోరాయ్ ఉండండి అనాలనుకుంది. కానీ అంతమంది ముందు, ఆ వయసులో, ఆడది మగాణ్ణి ఉండమని ఎలా అంటుంది? నోరు తెరిస్తే వచ్చిన మాట వేరు.

“బజార్లో కొత్త కెటిళ్ళకేం కరువు?”

మెర్తో తలూపాడు. కప్పు కింద పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. సెలింగ్‌కు మాటలు రాకపోవడం ఆ పేటవాళ్ళు మొదటిసారి చూశారు.

“ఏంటత్తా అది? మనిషి నోరు తెరిచి అడిగితే మొహం మీద కెటిల్ విసిరికొట్టావ్?” అంది చివరకు.

“నేనేం విసిరాను?”

“కొత్త కెటిలంట! నాయనమ్మ కెటిల్‌ని నన్ను కూడా తాకనివ్వవు నువ్వు.”

దోరాయ్ కెటిల్ తీసి తోమసాగింది. ఆ పగలంతా ఆమెకు దేనిమీదా మనసు నిలవలేదు. వెళ్ళి చెబుదామంటే ఒంటరి మగాడి గదికి ఆడది వెళ్ళడమా! కబురు చేద్దామంటే సెలింగ్ నోట కబురంటే గుడి గంట కొట్టినట్టే. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, మరి అడిగిన మనిషికి తను పెట్టిందేమిటి? ఆయన వెళ్ళిపోకూడదని ఆమెకు ఎంత గట్టిగా ఉందంటే, అది తెలిసి ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ళు ఒంటరిగా హాయిగానే ఉంది. శనివారం తర్వాత కూడా ఒంటరిగానే ఉంటుంది, అంతే. కానీ ఆ హాయి ఇక ఉండదని ఆమెకు తెలిసిపోయింది.

మధ్యాహ్నం పెరట్లో గింజలు వేయించడానికి కూర్చుంది. తెడ్డు తిప్పుతుంటే తల్లి గుర్తొచ్చింది. తండ్రి పోయిన రోజుల్లో ఇల్లంతా ప్రార్థనలకు వచ్చిన జనం. వాళ్ళందరికీ కాఫీ కాస్తూ తల్లి పొయ్యి ముందు ఒక్కతే కూర్చుని ఉంది. కప్పులు తీసుకెళ్ళడానికి వచ్చిన దోరాయ్ గుమ్మంలో ఆగిపోయింది. తల్లి పాడుతోంది, సన్నగా, పొగలోకి.

“అమ్మా! పొయ్యి ముందు పాడుతున్నావ్!” అంది భయపడిపోయి.

తల్లి తల తిప్పలేదు.

“పాడనీవే. మళ్ళీ ఆయనే దొరుకుతాడేమో.”

దుఃఖంలో ఏదో అంది అనుకుని దోరాయ్ ఆ మాటను ఇన్నేళ్ళు ఎక్కడో అడుగున పడేసింది. ఇప్పుడు ఆ మూకుడు ముందు కూర్చుని, ఆ మాట మొత్తం అర్థమై, కొంగు లేని మనిషి కాబట్టి చేతి మసిగుడ్డతోనే కళ్ళు తుడుచుకుంది. ముసలాడు దొరుకుతాడని జీవితాంతం బెదిరించిన తల్లి, ఆ ముసలాడికే రోజూ మొదటి కప్పు పోసింది. ఆ బెదిరింపు వెనక అంత ప్రేమ ఉందని చిన్నపిల్లకేం తెలుస్తుంది!

శనివారం పొద్దున సెలింగ్ వచ్చేసరికి వింతగా ఉంది. పెరట్లో ఉండాల్సిన ఇనప మూకుడు రోడ్డు పక్క పొయ్యి మీదికి వచ్చి కూర్చుంది.

“ఇదెవరు మోసుకొచ్చారత్తా?”

“నేనే దొర్లించుకొచ్చా.”

“లోపల రెండు డబ్బాల నిండా పొడి ఉంది కదా! ఇప్పుడు వేయించడమేంటి?”

“గిరాకీ ఎక్కువుంటుంది ఇవ్వాళ. నిప్పు రాజెయ్.”

బాడోంగ్ జీప్నీ వచ్చి ఆగింది. పైన మెర్తో పనిముట్ల పెట్టె కట్టి ఉంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగి, బల్ల మీద తన చోట కూర్చున్నాడు. దోరాయ్ మూకుడు ముందు నుంచి లేవలేదు. సెలింగే నిన్న కాచిన కాఫీ వేడి చేసి, అన్నమూ ఎండుచేపా పెట్టింది. ఆయన గుంట చేసి కాఫీ పోసుకుని తినసాగాడు. మూకుట్లో గింజలు గోధుమ రంగుకు తిరుగుతున్నాయి.

“కా మెర్తో, పడవ మనకోసం ఆగదు” అని బాడోంగ్ హారన్ కొట్టాడు.

పళ్ళెంలో సగం అన్నం మిగిలే ఉంది. మెర్తో లేచాడు. పొయ్యి వైపు తిరిగి టోపీ తీశాడు.

“వెళ్ళొస్తా కా దోరాయ్. కాఫీకి రుణపడి ఉంటా.”

బల్ల మీద ఉన్నవాళ్ళంతా తమ పళ్ళేలు తలో చుట్టు తిప్పారు. దోరాయ్ పళ్ళెం ఆమె పక్కనే పీట మీద ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. మెర్తో జీప్నీ దాకా నడిచి, మెట్టు మీద ఒక కాలు పెట్టాడు.

అప్పుడు దోరాయ్ పాడింది.

కిటికీల కింద నిలబడి మగపిల్లలు గిటారు వాయిస్తూ పాడే పాత పాట అది. నీ వాకిట్లో నిలబడ్డాను, దీపం వెలిగించవా అని ఉంటుంది అందులో. ఆడవాళ్ళు పాడగా ఎవరూ వినలేదు. మొదటి మాట కాస్త వణికింది, రెండో మాటకు గొంతు నిలబడింది, ఆ తర్వాత గుడి పందిట్లో పాడినట్టే రోడ్డంతా వినబడేలా పాడింది. పొయ్యి ముందు కూర్చుని, తెడ్డు చేతిలో పట్టుకుని, మంట మొహం మీద పడుతుండగా పాడింది.

నమలడం ఆగిపోయింది. సెలింగ్ రెండు చేతులతో నోరు మూసుకుంది. రెండోసారి హారన్ కొట్టబోయిన బాడోంగ్ చెయ్యి అక్కడే ఉండిపోయింది. జీప్నీలో కూర్చున్న ముసలమ్మ ఒకావిడ శిలువ గుర్తు వేసుకుని, పక్కదాన్ని మోచేత్తో పొడిచి, “పొయ్యి ముందే! చూశావా, పొయ్యి ముందే!” అంది. విడమరచి చెప్పాల్సిన పని అక్కడ ఎవరికీ లేకపోయింది.

మెర్తో మెట్టు మీది కాలు దించాడు. వచ్చి, తన చోటే కూర్చుని, సగం అన్నం ఉన్న పళ్ళెం దగ్గరకు లాక్కున్నాడు. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా ఉంది. కాసేపటికి ముక్కు ఎగబీల్చాడు.

“కా దోరాయ్, గింజలు మాడుతున్నాయి.”

మాడుతున్నాయి మరి. తెడ్డు ఎప్పుడో ఆగిపోయింది. మూకుడు నుంచి నల్లటి పొగ లేస్తోంది. దోరాయ్ పాట చరణం చివరి దాకా పాడి, ఊపిరి తీసుకుని, అప్పుడు జవాబిచ్చింది.

“మాడనివ్వండి.”

“మరి పెట్టె దించాలా, మోసుకుపోవాలా? అదైనా చెప్పండయ్యా!” అని బాడోంగ్ అరిచాడు. తనే పైకెక్కి, సమాధానం కోసం చూడకుండా తాళ్ళు విప్పాడు. జీప్నీలో వాళ్ళు రేవుకు ఆలస్యమవుతున్నందుకు ఒక్కరు కూడా సణగలేదు. ఆ సంగతి రేవులో అందరికీ చెప్పాలన్న తొందర మాత్రం వాళ్ళ మొహాల్లో కనబడింది.

“కూతురు ఎదురు చూస్తుందేమో” అంది దోరాయ్, జీప్నీ మలుపు తిరిగాక.

“చూస్తుంది. మే పండగలయ్యాక వెళ్దాం. ఇద్దరం వస్తున్నామని కబురు చేస్తా.”

“వెళ్దాం” అంది.

సెలింగ్ మాడిన గింజలను పారబోయడానికి చేట తెచ్చింది. దోరాయ్ వద్దంది. అవే రోట్లో వేసి దంచింది, అదే పాత కెటిల్లో బెల్లం ఎక్కువేసి మరిగించింది. గుడ్డలో వడగట్టి, అలవాటు ప్రకారం మొదటి కప్పు నింపింది. పీట మీద పెట్టబోయి ఆగింది. లేచి బల్ల దగ్గరకు వెళ్ళి, మెర్తో పళ్ళెంలో అన్నం మధ్య ఉన్న గుంటలో సగం పోసి, మిగతా సగం అక్కడే ఆయన పక్కన కూర్చుని తాగింది.

“చేదుగా ఉందా?” అంది.

“ఉంది” అన్నాడు మెర్తో, మొదటి ముద్ద ఆమె వైపు జరుపుతూ.